బాకీ ఢావ్లో

చాంది పాట పోయిన రోజు, అది పోయినట్లు రామ్‌చందర్ సారుకు తెలియదు. ఖమ్మంలో టైపు ఇన్‌స్టిట్యూటు మేడమీద ఉన్న కంప్యూటర్ సెంటర్లో కూర్చొని, అర్ధ సంవత్సర పరీక్షకు ఇంగ్లీషు ప్రశ్నపత్రం కొట్టిస్తున్నాడు. కింద రోడ్డు మీద పత్తి లారీలు యార్డుకు పోతున్నాయి.

"నిండింది సారూ," అన్నాడు వెంకటప్పయ్య. ఆ సెంటరు ఆయనదే. ఏళ్ల తరబడి టైపు నేర్పినవాడు, ఈ మధ్యనే కంప్యూటర్ కొన్నాడు.

"ఏంది నిండింది?"

"మేడమ్ ఫ్లాపీ. ఇంక పట్టదంటుంది. కొత్తది కొనరాదుండ్రి?"

"దీంట్లనే పెట్టండి," అన్నాడు రామ్‌చందర్.

ఆ ఫ్లాపీ ఆయన భార్య చాందిది. భద్రాచలంలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేస్తూ, సెలవురోజుల్లో ఇక్కడికి వచ్చి కంప్యూటర్ నేర్చుకుంది. తండాల్లో ఆడవాళ్లు పాడే లంబాడీ పాటలు అడిగి అడిగి తెచ్చి, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి అందులో దాచింది. శ్రావణంలో జ్వరం వచ్చింది. తలకెక్కిన మలేరియా అన్నారు. దవాఖానాలో చేర్చారు. ఆమె ఇంటికి రాలేదు. అప్పటినుంచి రామ్‌చందర్ ఎక్కడికి పోయినా ఆ ఫ్లాపీ ఆయన సంచిలోనే ఉంటుంది. తన పని కూడా ఆమె పని పక్కన ఉంటే బాగుంటుందని ఆయనకు అనిపించింది. ఆ మాట వెంకటప్పయ్యకు చెప్పలేదు.

"అయితే బాక్ ఫైళ్లు తీసేద్దాం సారూ. మనం ఏది దిద్దినా ఈ ఎడిటరు పాతదాన్ని పారెయ్యదు. పేరు చివర బీ ఏ కే అని తగిలించి పక్కన దాస్తది. ముసలమ్మ చింపిరి బట్టలు మూట కట్టుకున్నట్టు. పొద్దుగూకంగ మా సెంటరు ఫ్లాపీలల్ల నేను ఊడ్చుడే పని."

"అసలువి పోవు గద?"

"అసలు అసలే ఉంటది. ఇవి నకళ్లు."

"తీసెయ్యండి."

వెంకటప్పయ్య ఒక వరుస కొట్టాడు. చివర బాక్ అని ఉన్నవన్నీ ఒక్కసారే పోయాయి. నిజంగానా అని కంప్యూటర్ అడగనైనా లేదు. ప్రశ్నపత్రం పట్టింది. ప్రింటు తీశాక, ఎవరి కంటనైనా పడుతుందేమోనని రామ్‌చందర్ దాన్ని కూడా చెరిపించి, ఇంటికి పోయే కారేపల్లి బస్సెక్కాడు.

పరీక్షలు అయిపోయాక ఒక ఆదివారం చాంది చెల్లెలు ద్వాలి వచ్చింది.

"బావా, ఉన్నవా, పేపర్లు దిద్దుకుంట ఊపిరి తీసుకునుడు మర్చినవా?"

"కూసో. చాయ్ పెడత."

"నువ్వు పెట్టిన చాయ్ అక్క చెట్లకు పోసేది." నవ్వబోయి, ఆపుకుంది.

మాఘంలో ఆమె పెళ్లి. ఏం కావాలని అడిగాడు రామ్‌చందర్, పాలగిన్నె పొయ్యి మీద పెడుతూ.

"అక్క ఢావ్లో కావాలె."

లంబాడీ పెళ్లికూతురు తండా విడిచిపోయేటప్పుడు తనవాళ్లను ఒక్కొక్కరినే పట్టుకొని, రాగం తీసి ఏడ్చే పాట ఢావ్లో. పెద్దవాళ్లు ముందే నేర్పుతారు. చాంది మాత్రం నేర్పింది నేర్పినట్లు ఏడవలేదు. తన మాటలు తనే కట్టుకుంది. తండాలో ఆడవాళ్లు చాలా రోజులు చెప్పుకున్నారు గానీ, ఆ మాటలు పూర్తిగా ఎవరికీ రావు.

"మీ యాడిని అడుగరాదు? అమ్మ నేర్పదా?"

"మా యాడికి పాతదే వస్తది. నాకు అక్కది కావాలె బావా. అది నేను ఏడిస్తే అక్క పెండ్లికి వచ్చినట్టే."

రామ్‌చందర్ చాయ్‌పత్తి డబ్బా అందుకున్నాడు. "ప్రింటు తీసుకొస్త. పాటలన్నీ ఆ ఫ్లాపీలనే ఉన్నయి. ఓకే, ఓకే అని పేర్లు పెట్టింది."

"ఢావ్లో ఓకేల ఉండదు. బాకీల ఉంటది."

"బాకీల?"

"పాట అయిపోతే పేరు వెనక ఓకే అని పెట్టేది. ఇంక రాసుడు మిగిలితే బాక్ అని పెట్టేది. అక్కడ మూడక్షరాలే పడతయంట. బాక్ అంటే బాకీ అని నాకు చూపిచ్చి ఒకటే నవ్వింది. ఢావ్లో ఎన్నటికీ బాకీనే ఉంటదే అనేది. ఎప్పుడు తీసినా ఇంకొక మాట కలిపేది."

పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. రామ్‌చందర్ గిన్నె పక్కనే నిలబడి ఉన్నాడు.

"బావా, పాలు."

ద్వాలి లేచి గిన్నె దించింది.

"తీసెయ్యండి అని చెప్పిన," అన్నాడు.

"ఏంది?"

"బాక్ అని ఉన్నయన్నీ. నేనే చెప్పిన."

మర్నాడు ఇద్దరూ ఖమ్మం వెళ్లారు. విషయం విని వెంకటప్పయ్య కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టాడు.

"నకలనుకున్న సారూ. ఎడిటరు పెట్టుకునే పేరే మేడమ్ కూడ పెట్టింది. పక్కన అసలు ఉన్నదో లేదో నేను చూడలే."

"నేను గూడ చూడలే," అన్నాడు రామ్‌చందర్.

"తీసినవాటిని లేపే కమాండు ఒకటున్నది. వాటి జాగల ఇంకేం రాయకుంటే..." అంటూ వెంకటప్పయ్య ఆగిపోయాడు. ప్రశ్నపత్రం ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

అయినా కమాండు కొడితే తెరమీద పాట ఫైలు పేరు వచ్చింది. మొదటి అక్షరం ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం ఉంది.

"తీసేస్తే పేరుల మొదటి అక్షరమే పోతది, లోపల రాసింది అట్లనే ఉంటది సారూ. అది మనం చెప్తేనే లేస్తది."

"డి," అన్నాడు రామ్‌చందర్.

పాట వచ్చింది. ద్వాలి తెరకు దగ్గరగా జరిగి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ, సన్నగా రాగం తీస్తూ చదవసాగింది. యాడీ, కొంగున ముడేసి దాచిన జొన్నగింజను ఎవరి చేలో చల్లుతున్నావు. బా, నీ మందలో ఈ దూడ పేరు మరిచిపోకు నాన్నా. తర్వాత అన్న వంతు వచ్చింది. వీరా, వాగు దాటేటప్పుడు నా చెయ్యి పట్టుకునేవాడివి. వీరా, నువ్వు నన్ను...

"ఫిలప్ ది బ్లాంక్స్," అని ద్వాలి అదే రాగంలో చదివింది. "షీ డాష్ హోమ్ ఎస్టర్‌డే."

అప్పుడు ఆగింది. కిందికంతా ప్రశ్నపత్రమే.

వెంకటప్పయ్య తెరను ఇంకొంచెం కిందికి జరిపాడు. మళ్లీ పైకి జరిపాడు. అదే ఉంది.

"తరువాత ఏంది బావా?" అని అడిగింది ద్వాలి. "అక్క పెండ్లినాడు నేను చిన్నదాన్ని. నువ్వు ఆడనే ఉన్నవు గద."

ఉన్నాడు. తండా మొదట్లో, పెళ్లికొడుకై, తన తరఫువాళ్లతో, జీపు పక్కన నిలబడ్డాడు. డ్రైవరు ఇంజను ఆపలేదు. నీ జీపు ఎక్కడానికే ఇంత ఏడుస్తుంటే నీ వంట తిని ఎంత ఏడుస్తదో అన్నా అని తమ్ముడు దేవ్లా నవ్వించాడు. రాగం వినపడింది. అది ఇప్పటికీ చెవిలో ఉంది. మాటలు వినలేదు.

"నాకు రాదు ద్వాలీ," అన్నాడు.

వెంకటప్పయ్య ప్రశ్నపత్రం భాగం చెరిపి, పాట వరకు ఉంచాడు. "పేరు చివర ఏం పెట్టాలె సారూ?" అని అడిగాడు. రామ్‌చందర్ ఓకే అని మాత్రం పెట్టొద్దన్నాడు.

మాఘంలో ద్వాలి పెళ్లి. ఢావ్లో వీర దగ్గర ఆగి ఉంది. మిగతాది రాయవలసి ఉంది.