తూము మూల

పాత పళ్ల బ్రష్షును డీజిల్లో ముంచి, రత్నరాజు మోటార్ సైకిల్ ఇంజను రెక్కల సందుల్లో పేరుకున్న ఉప్పుమట్టిని గీకుతున్నాడు. ఒక సందు అయ్యాక గుడ్డతో తుడిచి, నోటితో ఊది, వేలితో తడిమి చూసి ఇంకో సందుకు వెళ్తున్నాడు. ఎడమకాలు పూర్తిగా ముడుచుకోదు. అందుకని దాన్ని పక్కకు చాపి, కుడి మడమ మీద బరువంతా వేసి కూర్చున్నాడు. నాగాయలంక గాలికి ఇనుము నిలవదు, ఎంత కడిగినా వారం తిరిగేసరికి బండి తుప్పు వాసన కొడుతుంది. అయినా ఈ వేసవంతా అతను ఒక్క వారం కూడా ఈ పని తప్పలేదు. చూసినవాళ్లు బండంటే ప్రేమనుకున్నారు. ప్రేమా లేదు, దోమా లేదు, ఉన్నదల్లా పగ.

లోపల్నుంచి హెప్సిబా చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ గుమ్మంలోకి వచ్చి భర్తను చూసింది.

"ఇయ్యాల కూడా చర్చికి రావన్నమాట."

"ఆఖరి రేసు."

"సరే, ప్రార్థనలో నీ పేరు చెప్పిస్తాలే."

"నా పేరెందుకు? ఆ శ్యాంబాబు పేరు చెప్పించు. ఆడికే అవసరం."

"కాలు ఇరిగి ఏడాదైంది. ఆ మనిషిని తిట్టకుండా నువ్వు ఒక్క పూటన్నా అన్నం తిన్నావా?" అని, జవాబు కోసం ఆగకుండా గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. ఆమె అన్నది నిజమే కాబట్టి రత్నరాజు బ్రష్షును మళ్లీ డీజిల్లో ముంచాడు.

అతను రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు చూసుకునే మనిషి. రాత్రంతా చెరువు గట్టున తిరుగుతూ, నీటిని గిలక్కొట్టే ఆ చక్రాల్లో ఏది ఆగినా పరుగెత్తి నడిపించాలి. చక్రం ఆగితే రొయ్య తేలుతుంది, రొయ్య తేలితే పనివాడి ఉద్యోగం మునుగుతుంది. ఇరవై ఏళ్లకు పైగా అదే పని. ఊళ్లో సగంమందికి అతని పూర్తి పేరు తెలియదు. పెళ్లి ఫోటోల్లో వెనక వరసలో సగం మొహం కనిపించే బాపతు. కానీ వేసవిలో రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువులు ఎండబెడతారు. నెర్రెలిచ్చిన ఆ చెరువు అడుగే దివిసీమ కుర్రాళ్లకు రేసు ట్రాకు. లైట్లూ మడ్‌గార్డులూ పీకేసిన పాత బళ్లతో గుండ్రంగా తిరుగుతారు. బందరు పక్కన ఒకటి, మొవ్వ కోసిన చేలలో ఒకటి, గుడివాడలో ఒకటి, చివరికి నాగాయలంకలో ఒకటి. గెలిస్తే ఇచ్చేది ఓ ఇత్తడి కప్పూ, ఓ బంతిపూల దండా. ఆ నాలుగు ఆదివారాలూ రత్నరాజు పేరు మైకులో వినపడుతుంది. అతని ఏడాదంతటికీ పండగ అంటే అదే.

ఆ పండగను పాడుచేసినవాడు శ్యాంబాబు. గుడివాడలో లేత్ పెట్టుకున్నాడు. సిలిండరు బోరు చెయ్యడంలో అతని చెయ్యి తిరిగినంత ఎవరిదీ తిరగదు. ఒకప్పుడు రత్నరాజు బండి కూడా అతని దగ్గరే బాగయ్యేది. ఇద్దరూ బావా అంటే బావా అనుకుని ఒకే పళ్లెంలో బిర్యానీ తిన్నవాళ్లు. పోయిన ఏడాది గుడివాడ రేసులో, ఆఖరి మలుపు దగ్గర, ముందున్నది రత్నరాజు. వెనక నుంచి శ్యాంబాబు లోపలికి దూరి ముందు చక్రంతో అతని కాలిని కొట్టాడు. మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది. శ్యాంబాబు దండ వేయించుకున్నాడు. ఆస్పత్రి వైపు తొంగి చూడలేదు సరికదా, "ఆడికి మలుపు తిప్పటం రాదు, పడ్డాడు" అని టీ కొట్ల దగ్గర చెప్పుకుని నవ్వాడట. కాలు విరిచిన దానికంటే ఆ నవ్వే రత్నరాజును ఎక్కువ తినేసింది.

పగ ఎంత గట్టిదంటే ఈ ఏడాది గుడివాడ లేత్ గడప తొక్కలేదు. బందరులో ఎవడో కొత్తవాడి చేత బోరు చేయించాడు. మొదటి రేసులో పిస్టను పట్టేసింది. మళ్లీ చేయించాడు. మొవ్వలో రింగు విరిగింది. గుడివాడ వెళ్లేసరికి క్లచ్ ప్లేట్లు కాలిపోయాయి. ముక్కు మీది కోపంతో ముక్కు కోసుకున్నట్టుందని తనకే తెలుసు. అయినా ప్రతిసారీ బండి విప్పి, తుడిచి, బిగించి మళ్లీ వెళ్లాడు. తీరా వెళ్తే ఎక్కడా శ్యాంబాబు లేడు. కిడ్నీలు పోయాయనీ, డయాలసిస్ మీద ఉన్నాడనీ చెప్పారు. "నాటకాలు! నా మొహం చూడటానికి భయం. మగాడైతే ఆఖరి రేసుకన్నా రమ్మనండి" అని కనపడినవాడికల్లా చెప్పి పంపాడు.

బండి తుడవడం అయ్యాక సున్నం బస్తా భుజాన వేసుకుని చెరువులోకి దిగాడు. ఏ చెరువులో రేసు పెడితే ఆ చెరువు చూసుకునేవాడే సున్నంతో ట్రాకు గీత గీయాలి. ఎక్కడ నేల గట్టిదో వాడికే తెలుస్తుంది కనుక, గీసిన గీతను ఎవరూ తిరిగి తొక్కి చూడరు. చూస్తే గీసినవాణ్ని అవమానించినట్టే. ఈ కట్టుబాటు పెద్దలెవరో పెట్టింది కాదు, కుర్రాళ్లే పెట్టుకున్నారు. ఇప్పటిదాకా ఎవరూ దాన్ని తప్పలేదు.

తూము మూల దగ్గర ఆగాడు. నీళ్లు బయటికి పోయే చోటు కావడంతో పంటంతా మిగిల్చిన మడ్డి అక్కడికే చేరుతుంది. పైన అట్టకట్టి ఎండినట్టే ఉంటుంది గానీ లోపల మొలలోతు నల్ల బురద. ఏటా అక్కడ సున్నం దిట్టంగా పోసి, లోపలికి రావద్దని అడ్డంగా కర్రలు పాతేవాడు. ఈసారి కర్రలు పాతలేదు. సున్నం చల్లలేదు. మలుపులో లోపలి వైపు నేలను నున్నగా, రారమ్మని పిలిచేటట్టు వదిలేశాడు. శ్యాంబాబు బుద్ధి అతనికి తెలుసు, రెచ్చగొడితే రాకుండా ఉండడు. ఆఖరి మలుపు లోపలి నుంచి కొయ్యకుండా వాడి చెయ్యి ఆగదు. ఆ వేగంలో ముందు చక్రం దిగబడితే మనిషి నెత్తి మీదుగా తిరిగి పడతాడు. కాలే విరుగుతుందో, మెడే విరుగుతుందో! విరగనీ అనుకున్నాడు రత్నరాజు. అలా అనుకుంటే ఒళ్లంతా చల్లగా, హాయిగా ఉంది.

కుర్రాళ్లు వచ్చాక ఒక్కొక్కణ్నీ పక్కకు పిలిచి, "తూము మూల కాడ బయట నుంచే తిరగండి, లోపల మేకులున్నాయి" అని చెప్పాడు. అందరికీ చెప్పాడు, చెప్పాల్సిన ఒక్కడికి తప్ప.

రేసులు మొదలయ్యాయి, మధ్యాహ్నం దాటింది. రత్నరాజు బండి పొగ కక్కుతూ ఎలాగో మూడోస్థానంలో వచ్చింది. మైకులో పేరు చదివినా అతను తలెత్తలేదు. చూపంతా గట్టు మీది బాట మీదే. పోటీలు నడిపించే ఎలీషా కప్పు ఇచ్చేసి, షామియానా విప్పిస్తున్నాడు. అప్పుడు వచ్చింది గుడివాడ వ్యాను. వెనక బండి, ముందు శ్యాంబాబు, పక్కన అతని భార్య రమణమ్మ.

దిగిన మనిషిని చూసి రత్నరాజు వేరే ఎవరో అనుకున్నాడు. చొక్కా లోపల మనిషి ఉన్నాడా లేడా అన్నట్టున్నాడు. మొహం బూడిద రంగులోకి తిరిగింది, పాదాలు మాత్రం వాచి ఉన్నాయి. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చేతి మీద నరం తాడులా ఉబ్బి ఉంది.

"మీరే రమ్మన్నారంట గదండీ అన్నయ్యగారూ" అంది రమణమ్మ. "ఆ కబురు తెలిసిన కాడ్నుంచీ ఇంట్లో ఇదే గొడవ. డాక్టరు గారు మంచం దిగొద్దన్నారు. ఒక్క రౌండే అని నా చేత సరేననిపించుకున్నాడు."

రత్నరాజు ఆ వాచిన పాదాల వంకే చూస్తున్నాడు. శ్యాంబాబే మాట్లాడాడు.

"కాలెట్టా ఉంది బావా?"

"నడుస్తంది."

"మలుపు తిప్పటం నేర్చుకున్నావా మరి?"

చల్లారబోతున్న నిప్పు మీద కిరసనాయిలు పోసినట్టయింది. చావు మొహం వేసుకుని కూడా ఆ నోరు మారలేదు! రత్నరాజు కిక్కు కొట్టి బండి తీశాడు.

ఇద్దరే, ఒక్క రౌండు. గట్టు మీద జనం మళ్లీ పోగయ్యారు. మొదట శ్యాంబాబు బండి తడబడింది. క్లచ్ నొక్కడానికి ఎడమ చెయ్యి సహకరించడం లేదు. సగం చెరువు దాటాక పాత ఊపు వచ్చింది, ముందుకు వంగాడు. రత్నరాజు కావాలనే బయటి వైపు నడుపుతూ లోపలి దారి వదిలాడు. వెనక ఆ బండి చప్పుడు దగ్గరవుతోంది. తూము మూల వచ్చింది. శ్యాంబాబు చక్రం లోపలికి తిరిగింది. ఏడాదిగా కోరుకున్న క్షణం అదే.

అప్పుడు రత్నరాజుకు జాలి కలిగిందంటే అబద్ధం. ఒళ్లు మండింది. ఇన్నాళ్లు కడుపులో పెట్టుకు మోసిన పగను తీసుకెళ్లి బురద చేతిలో పెట్టడమా? వీడు పడితే నా చేతిలో పడాలి. హ్యాండిలు లోపలికి విరిచి, శ్యాంబాబు చక్రానికి అడ్డంగా తన బండిని తోశాడు. ఇనుమూ ఇనుమూ కొట్టుకున్నాయి. శ్యాంబాబు గట్టి నేల మీద పక్కకు ఒరిగి పడ్డాడు. రత్నరాజు బండి మాత్రం అదే ఊపులో ముందుకు పోయి పెట్రోలు ట్యాంకు దాకా దిగబడింది. అతను ఎగిరి బురదలో బోర్లా పడ్డాడు.

జనం కేకలు వేస్తూ పరుగెత్తుకొచ్చారు. ఎలీషా ముందొచ్చి శ్యాంబాబు తల ఎత్తి పట్టుకున్నాడు.

"జబ్బు మనిషిని కావాలని కొడతావేంది రాజు బాబాయ్? సిగ్గు లేదా నీకు? మేమందరం చూశాం."

రమణమ్మ ఏడుస్తోంది. శ్యాంబాబు వెల్లకిలా పడుకుని, ఊపిరి అందకుండా నవ్వుతున్నాడు.

"వదిలెయ్యండెహె. మేమూ మేమూ ఒకటి." కూర్చోబెట్టమని సైగ చేశాడు. కూర్చున్నాక దిగబడిన బండిని చూశాడు. గీతను చూశాడు. మళ్లీ బండిని చూశాడు. బురదలోంచి లేచొచ్చిన రత్నరాజును మాత్రం ఉండమని, అందరినీ కాస్త పక్కకు పొమ్మన్నాడు.

"గీత గీసింది నువ్వేనా?"

"నేనే."

"ఇక్కడ సున్నం పొయ్యలేదే."

"పొయ్యలేదు."

"మరి అడ్డమెందుకొచ్చావ్?"

రత్నరాజు నోట్లోని బురద ఉమ్మాడు. "నిన్ను పడగొట్టాల్సింది నేను. బురద కాదు."

శ్యాంబాబు తల ఊపాడు. క్షమించమంటాడేమోనని రత్నరాజు పిడికిలి బిగించి నిలబడ్డాడు. అంటే కొట్టేవాడే. అతను అనలేదు.

"నీ బోరు పోయింది బావా. నువ్వు కిక్కు కొట్టగానే వినపడింది ఆ చప్పుడు. ఏ దరిద్రుడు చేశాడో గానీ సిలిండరు నాశనం చేశాడు. సోమారం నాకు డయాలసిస్సు. మంగళారం బండేసుకుని గుడివాడ రా, నేను చేస్తా."

"చూద్దాంలే" అన్నాడు రత్నరాజు. అలా అన్నాడు గానీ, మంగళవారం డ్యూటీ ఎవరితో మార్చుకోవాలా అని అప్పుడే మనసులో వెతుకుతున్నాడు. శ్యాంబాబును ఇద్దరు పట్టుకుని వ్యాను ఎక్కించారు. రమణమ్మ ఎవరి మొహమూ చూడలేదు.

పొద్దు వాలుతుంటే రత్నరాజు ఒక్కడే పారతో బురద తవ్వుతూ బండిని లాగుతున్నాడు. సాయం పట్టడానికి ఎవరూ ఉండలేదు. జబ్బు మనిషిని కొట్టినవాడికి సాయమేమిటి? వెనక చక్రం పైకి వచ్చేసరికి గట్టు మీద ఎలీషా కనిపించాడు. కిందికి దిగలేదు, అక్కడి నుంచే చెప్పాడు.

"చల్లపల్లి దాటాక పోయాడంట, వ్యాన్లోనే. రమణమ్మ పెద్దమ్మ ఒళ్లో పడుకుని నిద్రపోతున్నాడనుకున్నారంట. లేపితే లెగలేదంట."

రత్నరాజు పార పట్టుకుని నిలబడ్డాడు. ఎలీషా వెళ్లిపోయాడు. రేపు తెల్లారేసరికి నాగాయలంక నుంచి గుడివాడ దాకా ఒకటే మాట: రత్నరాజు చంపేశాడు. కాదు, అడ్డమొచ్చి ఆపానని చెప్పాలంటే మూలన సున్నం ఎందుకు పొయ్యలేదో కూడా చెప్పాలి. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. తెలిసిన ఒక్క మనిషీ పోయాడు.

"దొంగ సచ్చినోడా" అన్నాడు చెరువు మధ్య నిలబడి. "ఇప్పుడు కూడా నువ్వే గెలిచావు గదరా. మంగళారం రమ్మన్నావు గదరా." తిట్లన్నీ అయిపోయాక ఏడుపు వచ్చింది. ఏడ్చి, గట్టు మీద మిగిలిన సున్నం బస్తా ఈడ్చుకొచ్చి మూలంతా తెల్లగా కనపడేదాకా పోశాడు. ఇక అక్కడ ఈ ఏడాదికి రేసు లేదు, వారంలో నీళ్లు పెట్టేస్తారు. అయినా పోశాడు.

పోసి వెనక్కి తిరిగితే, శ్యాంబాబు పడిన చోట గట్టి నేల మీద ఒక రబ్బరు చెప్పు బోర్లా పడి ఉంది. వాచిన పాదానికి పట్టాలని రెండు సైజులు పెద్దది కొన్నట్టున్నారు, కొత్తది, అడుగున అంటించిన కాగితం ఇంకా ఊడలేదు.