వెంట్రుకవాసి తేడా

వీధిలో అందరూ ఆయన్ని వెంట్రుకవాసి మేస్త్రి అంటారు. ఇనుము కోసే లేతు మెషీను మీద ఇరుసు తీసినా, టీలో పంచదార ఎక్కువైనా ఆయన నోట వచ్చేది ఒకటే మాట, "వెంట్రుకవాసి తేడా ఉంది" అని. పెళ్లయిన కొత్తలో ఆ మాట వింటే భార్యకు ఒళ్లు మండేది. ఇప్పుడు అదే మాట కోసం చెవులు రిక్కించుకుని ఉంటోంది.

మూడు నెలల క్రితం మేస్త్రికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఇంటి ముందుగదే వాళ్ల లేతు షెడ్డు. అయినా ఆయన ఆ గడప తొక్కడం మానేశాడు. ఇరవై ఏళ్లుగా పక్కన నిలబడి పని నేర్చుకున్న ఆవిడే మెషీను నడుపుతోంది. మొగుణ్ణీ ఆవిడే నడుపుతోంది. అన్నం కలిపి పెడుతుంది, తల దువ్వుతుంది, చొక్కా బొత్తాలు పెడుతుంది. ఆయన ఎడంచెయ్యి లేపితే చాలు, "మీరుండండి" అని అందుకుంటుంది. ఆ చేత్తో పనులు చేయించమని డాక్టరు చెప్పాడు గానీ, ఆవిడకి మనసొప్పలేదు. మనిషేమో రోజురోజుకీ గోడకేసి తిరిగి కూర్చుంటున్నాడు. ఇక ఇలాగే ఉండిపోతాడేమోనని ఆవిడకి లోలోపల ఒకటే గుబులు.

ఆ ఉదయం ఇరుసుకి నునుపు రాలేదు. అలలు అలలుగా గీతలు పడ్డాయి. చూస్తే, కోసే టూలుని ముందుకీ వెనక్కీ జరిపే స్లైడు ఊగుతోంది. దాని పక్కన ఒక సన్నటి ఇనుప పట్టీ, దాన్ని అదిమిపెట్టే స్క్రూలు మూడు ఉంటాయి. ఊగడం పూర్తిగా పోయేదాకా ఆవిడ మూడింటినీ బిగించేసింది. ఇరుసు అద్దంలా వచ్చేసరికి మురిసిపోయింది కూడా. తర్వాత ఒక పెద్ద చక్రం ఎక్కించి, టూలుని బాగా వెనక్కి తెద్దామని పిడి తిప్పితే స్లైడు సగం దారిలో మొరాయించింది. రెండు చేతులా లాగినా కదల్లేదు. ఆయన మెషీనుని పాడుచేశానేమోనని ఆవిడ స్టూలు మీద కూలబడి కళ్లొత్తుకుంది.

"స్లైడుని ఎక్కడ పెట్టి బిగించావు?"

గడపలో మేస్త్రి, గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఊగుతున్న చోటే కదండీ! మధ్యలో."

ఆయన నవ్వాడు, మూడు నెలల తర్వాత. "ఓసి పిచ్చిదానా! రోజూ పని జరిగేది మధ్యలో, అరిగేదీ అక్కడే. చివర్లు అరగలేదు కదా. అరిగిన చోట పెట్టి బిగిస్తే చివరికెళ్లేసరికి పట్టెయ్యదూ?"

స్క్రూలు వదులు చేయించాడు. ఆవిడ సందుల్లో ఇనుప రజను దులిపి, కిరసనాయిలుతో కడిగి, నూనె వేసి, స్లైడుని అరగని చివరికి జరిపింది. స్క్రూడ్రైవరు ఆవిడ పట్టుకుంది. ఆయన ఎడంచెయ్యి పిడి మీద వేశాడు. "మీరుండండి" అనబోయి ఆగింది. ఎంత బిగిసిందో తెలిసేది పిడి తిప్పే చేతికే మరి.

"ఇంకాస్త... ఇంకాస్త... అబ్బే, వెంట్రుకవాసి వెనక్కి. చాలు."

మూడు స్క్రూలూ అయ్యాక, పిడి ఈ చివర నుంచి ఆ చివరికి మెత్తగా తిరిగింది.

"మధ్యలో ఇంకా కాస్త ఊగుతోందండీ."

"ఊగనీ. అక్కడ సన్నగా కోత పెట్టు, సరిపోతుంది. అసలు ఊగకుండా బిగించేస్తే, ఇక కదలడానికేం మిగుల్తుందే?"

ఆ మాట ఆవిడ మనసులో పడింది. ఆ పూటంతా ధ్యాస పని మీద నిలవలేదు.

మర్నాడు పొద్దున ఆవిడ చొక్కా తొడగ్గానే మేస్త్రి అలవాటుగా గడ్డం పైకెత్తి నిలబడ్డాడు.

"నాకు షెడ్డులో పనుంది. బొత్తాలు మీరే పెట్టుకుని రండి," అనేసి, ఆయన మొహం చూడకుండా వచ్చేసింది.

మెషీను మాత్రం ఆన్ చెయ్యలేదు. చాలాసేపు లోపల్నుంచి ఏ చప్పుడూ లేదు. ఒకసారి విసుగ్గా నిట్టూర్పు వినిపించింది. వెళదామని రెండుసార్లు లేచి, రెండుసార్లూ కూర్చుంది. ఏడుపొచ్చింది కూడా.

ఎట్టకేలకు ఆయన గడప దాటి వచ్చాడు. బొత్తాలన్నీ పెట్టుకున్నాడు, కాకపోతే ఒక కాజా తప్పి చొక్కా ఒకవైపు పైకెక్కింది. ఆవిడ చెయ్యి దానంతటదే లేచింది.

ఆయన కిందికి చూసుకుని, "వెంట్రుకవాసి తేడా ఉంది," అన్నాడు.

"ఉండనీండి," అంది ఆవిడ. లేచిన చేతిని దించేసి, మెషీను ముందు ఆయనకి చోటిచ్చింది.