పన్నెండింటి దాకా మౌనం

మా ఆయనకు మాట్లాడడం రాదని నేననను. ఊరుకోవడమే రాదు. ఐరోపా కూటమిలోని ఇరవై ఏడు దేశాల చేత ఒకే మాట అనిపించడానికి బ్రసెల్స్‌లో జీతాలు తీసుకునేవాళ్ళలో, స్లొవేనియా తరఫున, మత్యాష్ ఒకడు. ఇంట్లోనూ ఆఫీసు పద్ధతే. "ఆదివారం అమ్మ వస్తోంది. శుక్రవారం పన్నెండు లోపు అభ్యంతరం రాకపోతే ఒప్పుకున్నట్టే" అని ఫ్రిజ్ మీద చీటీ అంటిస్తాడు.

ఆ వారం వాళ్ళ ఆఫీసుకొచ్చిన ప్రకటన ముసాయిదా మా పైఅంతస్తు గుల్నార తమ్ముడి గురించి. తమ దేశంలో పత్రిక నడిపినందుకు ఆర్నెల్లుగా జైల్లో ఉన్నాడు. శుక్రవారం తీర్పు. అతన్ని విడిచిపెట్టమని కూటమి అడగాలి. గురువారం పన్నెండింటి దాకా ఏ దేశమూ నోరు మెదపకపోతే ప్రకటన వెలువడుతుంది. ఒక్కరు కాదన్నా మళ్ళీ చర్చకు, అంటే వచ్చే వారానికి.

గురువారం పొద్దున మత్యాష్ రొట్టెకు వెన్న రాస్తూ చిరాకు పడ్డాడు.

"'ఆందోళన' అట. 'ఖండిస్తున్నాం' అనాలి. అభ్యంతరం చెబుదామని లుబ్లియానాకు, మన విదేశాంగ శాఖకు రాశాను. నా మాట కాదనరు."

"రేపటిలోగా మిగతా ఇరవై ఆరూ దానికి ఒప్పుకుంటాయా?"

"ఒప్పుకోవు. కానీ సూత్రమంటూ ఒకటుంటుంది నేజా."

"ఉండనీ. మన పైన మాత్రం గుల్నార ఉంటోంది."

ముసాయిదా రహస్యం కనుక గుల్నారకు నేనేమీ చెప్పలేదు. కాఫీకి పిలిచానంతే. మత్యాష్ కోటు తొడుక్కుంటుండగా ఊరికే అడిగాను.

"మీ జడ్జీలు బయటివాళ్ళ మాట వింటారా?"

"మాటలెవరు చదువుతారక్కా? ఎన్ని దేశాలు కలిశాయో చూస్తారు. కలవలేదని తెలిస్తే పండగే వాళ్ళకి."

మత్యాష్ సగం తొడిగిన కోటుతోనే గబగబా బయటికి నడిచాడు. మెట్ల మీదే లుబ్లియానాకు ఫోను కలిపాడు.

పన్నెండూ పదికి నాకు సందేశం పంపాడు: "ఎవరూ మాట్లాడలేదు." అంత ముచ్చటైన వార్త అతని నుంచి ఎప్పుడూ రాలేదు.

శుక్రవారం సాయంత్రం గుల్నార పెద్ద గిన్నెడు పులావుతో దిగివచ్చింది. తమ్ముణ్ణి ఇంటికి పంపేశారు. ఊరు దాటకూడదట, అంతే. అది ప్రకటన వల్లేనా అంటే నేను చెప్పలేను. అయినా పేరూ ఊరూ ఎరగని ఒక మనిషి కోసం ఆ మధ్యాహ్నం నోరు కట్టుకు కూర్చున్న ఇరవై ఏడు దేశాలకూ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

గుల్నార మత్యాష్ చెయ్యి పట్టుకుంది. "మీరేం చేశారో నాకు తెలీదన్నయ్యా. మీ మేలు మరిచిపోను."

"నేనేమీ చెయ్యలేదమ్మా."

అది అక్షరాలా నిజం. అక్కడితో ఆగుతాడనుకున్నాను. ఆగలేదు.

"చెయ్యబోయాను. ఒక్క మాట కోసం ఆ కాగితాన్ని ఆపబోయాను. నేజా అడ్డం పడింది" అన్నాడు. "తప్పు నాదే గుల్నారా."