నిలబడి వడికే నర్సింగమ్మ

హాలియా చుట్టుపక్కల కురుమ ఇళ్లలో కోడళ్లకు బుద్ధి చెప్పాలంటే నర్సింగమ్మను చూసి నేర్చుకోమంటారు. ఉన్ని వడికేటప్పుడు ఆడవాళ్లంతా కాళ్లు చాపుకుని కూర్చుంటే, ఆమె మాత్రం కదురు వేలాడేసి నిలబడే వడుకుతుంది. పనిమంతురాలంటే ఆమేనని ఊరంతా అంటుంది. ఊరికేం, అనే నోటికి నొప్పి పుట్టదు కదా.

ఆమె కోడలు సైదమ్మకు రెండో కాన్పయి ఏడాది దాటింది. బిడ్డ నడక నేర్చింది గానీ తల్లికి పొత్తికడుపు కింద నొప్పి మాత్రం పోలేదు. కూర్చుంటే పోటు, లేస్తే పోటు. మొగుడు పక్కలోకి వస్తే ప్రాణం పోయినంత పని. బీరన్న అలిగి గొర్రెల మంద కాడే పడుకుంటున్నాడు. ఎవరితో చెప్పుకుంటుంది? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది.

నందికొండలో డ్యాం కడుతున్న చోట దవాఖాన ఉందని, అందులో ఆడ డాక్టరు ఉందని విన్నది. రేపు బీరన్న పొట్టేళ్లను అమ్మడానికి బండి మీద అటే పోతున్నాడు. తానూ వస్తానంది.

"అమ్మనడుగు. సరేనంటే బండెక్కు," అన్నాడు బీరన్న.

అత్త ముఖమైనా తిప్పలేదు. "కన్నదానికి నొప్పుండదా? నేను ఆరుగుర్ని కన్న. ఏ దవాఖానకు పోయిన?"

మధ్యాహ్నం జొన్న గట్క తినడానికి అత్త కూర్చోవడం సైదమ్మ చూసింది. గుంజ పట్టుకుని, పళ్లు బిగబట్టి, ఒక తుంటి మీదే బరువు మోపి మెల్లగా దిగింది. అచ్చం తాను కూర్చునే తీరే. ఇన్నాళ్లూ తన ఏడుపులో తానుండి గమనించలేదు.

"అత్తా, నీకు గూడ గిదేనా?"

నర్సింగమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. "బీరన్న పుట్టినప్పటిసంది. కూసుంటే పానం పోతది. అందుకే నిలబడి వడుకుత. ఎవలకు చెప్పలే."

సైదమ్మ గుండె తేలికైంది. ఆ బాధ తెలిసిన మనిషి ఇక ఎలా ఆపుతుంది? "అయితే ఇద్దరం పోదాం అత్తా."

"పోయినంక, గా డాక్టరమ్మ ఇచ్చే గోలీతోని తగ్గితే?" అంది నర్సింగమ్మ. "గిన్నేండ్లు నేనెందుకు ఓర్సుకున్నట్టు?"

ఆ ముసలిదాన్ని చూస్తే సైదమ్మకు జాలీ వేసింది, గొంతు పిసకాలనీ అనిపించింది.

తెల్లారి బీరన్న బండి కట్టి పిలిచాడు. "ఏమే, వస్తవా?"

కోడలు నోరు తెరవకముందే వాకిట్లోంచి నర్సింగమ్మ అందుకుంది. "దానికి తగ్గిందిరా. నువ్వు పో."

బీరన్న ముఖం విప్పారింది. "మంచిగాయె," అన్నాడు పెళ్లాం వైపు చూసి. "ఎల్లుండి వస్త. ఇగ మంద కాడికి పోను, ఇంట్లనే పండుకుంట."