దించినవాడే ఎత్తాలి

బుడమేరుకు గండ్లు పడ్డ మరుసటి ఏడాది మాట ఇది. నేను ఒక ప్రయాణపు రౌటర్ని. నాలుగు అగ్గిపెట్టెలు పేర్చినంత ఉంటాను. ఏ దేశంలో పుట్టానో తెలియదు, అట్టపెట్టెలో నిద్రపోతూ వచ్చాను. హైమావతి కంటే ముందు ఇద్దరి సంచుల్లో తిరిగాను. ఒకాయన రోజూ తిట్టేవాడు. ఇంకొకాయన రైల్లో మరిచిపోయి, పరుగెత్తుకొచ్చి నన్ను గుండెకు హత్తుకున్నాడు. మనుషులకు మా మీద ప్రేమ, మేము కనపడని ఆ కాసేపే.

నా పని చెప్పుకోవాలంటే చిన్నదే. హైమావతి ఆసుపత్రుల కాగితాలు టైపు చేసే కంపెనీలో ఉద్యోగి. ఇంటినుంచే పని. ఆమె ఇంటి లైనులోంచి వస్తేనే కంపెనీ తలుపు తీస్తుంది. ఊరు దాటితే ఆమె కంప్యూటరు పంపిన మాటను నేను అందుకుని, ఇంట్లో ఉన్న నా జోడు పెట్టెకు చేరవేస్తాను. అది ఇంటి లైనులోంచి బయటికి వదులుతుంది. కంపెనీవాళ్లే చేసి ఇచ్చిన ఏర్పాటు.

ఆ రోజు తండ్రి బసవయ్యకు కంటి ఆపరేషన్ చేయించడానికి ఆమె రాజమండ్రి వచ్చి లాడ్జిలో దిగింది. బసవయ్య కాలువ మీద లస్కరు. ముప్పై ఏళ్లు తూముల తలుపులు ఎత్తాడు, దించాడు. బడి మూడో తరగతితో మానేశాడు. మాట్లాడటం కూడా అప్పుడే మానేశాడేమో. ఎడమ కన్ను ఏనాడో పోయింది. కుడి కంట్లో పొర. రెండు నెలలు తిరిగితే దొరికిన తేదీ మర్నాడు పదింటికి. పదకొండింటికి హైమావతి ఆసుపత్రి వరండాలోనే నన్ను పక్కన పెట్టుకుని పనిలో కూర్చోవాలి. ఆ నెలలో అప్పటికే రెండుసార్లు పనికి రాలేదు. మూడోసారి అయితే పేరు కొట్టేస్తారు.

సాయంత్రం నన్ను బల్ల మీద పెట్టింది. లాడ్జి వైఫై గది నంబరు అడిగింది, ఇచ్చింది. తర్వాత లాడ్జి లోపలి నంబర్లూ నా నంబర్లూ ఒకటే అయి కూర్చున్నాయి, ఒకే వీధిలో రెండిళ్లకు ఒకే డోరు నంబరు వేసినట్టు. కంపెనీ టెక్నీషియన్ ఫణి ఫోనులో చెబుతుంటే నావి మార్చింది. నెట్ వచ్చింది, కానీ లాడ్జి దారినే పోతోంది. ‘ఇల్లు’ అన్న దారి ఎంచుకోగానే అంతా ఆగిపోయింది.

“ఓసారి ఆపి పెట్టండి మేడం.”

“ఆరుసార్లు ఆపానండీ. దీనికి ఊపిరాడొద్దా?”

“మీ ఇంట్లో కరెంటుందా?”

పక్కింటి రత్తమ్మకు ఫోను చేసింది. “మా టీవీ మోగిపోతుంటే కరెంటు లేదంటావేంటే పిల్లా! మీ ఇంటికి తాళం, లోపలేముందో నాకేం కనపడద్ది?”

“అయితే మీ చేతిలో ఉన్న డబ్బానే పోయింది మేడం,” అని ఫణి తీర్పు చెప్పేశాడు.

నాకు నోరు లేదు. ఉంటే అనేవాణ్ణి, నేను పంపుతూనే ఉన్నాను, అవతల అందుకునేవాడు లేడని. ఇలాంటి నిందలు మోసి మోసి అలిసిపోయాను.

హైమావతి తల పట్టుకు కూర్చుంది. అప్పుడు బసవయ్య నోరు విప్పాడు.

“ఎందాకా పోతంది?”

“ఏంటి నాన్నా?”

“నీ మాట. ఎందాకా పోయి ఆగింది?”

అది లస్కర్ల పద్ధతి. శివారు చేనుకు నీరందకపోతే, కాలువ వెంట నడుస్తూ ఒక్కో తూము దగ్గర గడ్డిపరక వేసి చూస్తారు. పరక ఎక్కడ కదలదో తప్పు అక్కడ.

“ఇక్కణ్నుంచి బాగానే పోతంది. మనింటి గుమ్మం దాకా పోయాక లోపలెవరూ పలకట్లేదు.”

బసవయ్య చెయ్యి మొలతాడు మీదికి పోయింది. ఇంటి తాళంచెవి అక్కడుంది. బుడమేరు వరదలో నీళ్లకు కరెంటు పాకి, వాళ్ల కొట్టంలో గేదె నిలబడ్డచోటే పోయింది. అప్పటినుంచీ అతను ఊరు దాటితే ముందు ఇంటి కరెంటు మెయిన్ దించడం, తర్వాతే తాళం. ఆ ఉదయమూ, కూతురు ఆటో ఎక్కాక, ఆమెకు తెలియకుండా దించే వచ్చాడు.

చెబితే ఆమె ఆపరేషనే ముఖ్యమంటుంది, ఉద్యోగం వదిలేస్తుంది. అతనికి తెలుసు. పైగా లస్కర్లలో ఒక కట్టుబాటు ఉంది. తలుపు దించినవాడే ఎత్తాలి. ఇంకొకడు చెయ్యి వేయకూడదు.

“ఫణి ఈ డబ్బానే పోయిందంటున్నాడుగా. కొత్తది కొందాంలే నాన్నా, పొద్దున్నే దొరికితే,” అంది.

“ఊఁ,” అన్నాడు.

హైమావతి లేచేసరికి అతని మంచం ఖాళీ. నా కింద లాడ్జి రసీదు, దాని వెనక వంకర అక్షరాలు: ‘ఇంటికి పోతన్నా. కన్ను తరవాత.’ ఫోను చేస్తే ఎత్తలేదు. పదింటికి ఆసుపత్రివాళ్లు చేశారు. పిలిచాం, రాలేదు, పేరు కొట్టేస్తున్నామన్నారు. ఆమె నన్ను రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది. తడి మాకు మంచిది కాదు. ఊరుకున్నాను.

పదిన్నరకు నా జోడు పెట్టె పలికింది. వెంటనే ఫోను మోగింది.

“ఎత్తాను. పారతందా?”

“పారతంది నాన్నా.”

పెట్టేశాడు.

తర్వాత రత్తమ్మ చెప్పింది. గోడ తడుముకుంటూ లోపలికి పోయాడట. అన్నానికి పిలిచినా కదల్లేదట. హైమావతి పని ముగిసేదాకా ఆ మెయిన్ కిందే పీట వేసుకుని, ఎవరినీ దాని దగ్గరికి రానివ్వకుండా కూర్చున్నాడట.