అత్తగారి తొక్కుడు చెక్కలు

మా అమ్మాయి రాజ్యలక్ష్మి సైకిలు నేర్చుకుంటానన్న రోజు నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. నేను చదివింది మూడో క్లాసే గానీ, మనిషి ఎన్ని రకాలుగా చావచ్చో నాకు తెలిసినంత డాక్టర్లకి కూడా తెలీదని మా ఆయన ఎగతాళి చేస్తారు. చేస్తే చేయనీండి. కాలవ గట్టు మీద చక్రం జారితే నీళ్ళల్లోకే. వెనకనుంచి మిలిటరీ లారీ వస్తే ఇంక చెప్పక్కర్లేదు. కొంగు గొలుసులో చిక్కితే మెడకి ఉరి. ఇవన్నీ నేను కల్పించినవా?

అయినా సైకిలు లేకపోతే కుదరదు. చల్లపల్లికి ఇవతల మా సాలెల వీధి. రాజ్యం ట్రైనింగు పాసై కూచిపూడి రోడ్డున ఒక ఊళ్ళో ఆడపిల్లల బళ్ళో టీచరుగా చేరింది. యుద్ధం వచ్చాక పెట్రోలు కరువై బస్సులు బొగ్గు మీద నడుస్తున్నాయి. నడుస్తున్నాయనడమే గానీ, సగం దారిలో ఆగితే డ్రైవరు దిగి విసిరి విసిరి నిప్పు రాజేసేసరికి బడిగంట కొట్టేస్తారు. ఇంకోసారి ఆలస్యమైతే వేరే మనిషిని చూసుకుంటామని పెద్ద టీచరమ్మ మొహం మీదే చెప్పేసింది. నూలు దొరక్క మా రెండు మగ్గాల్లో ఒకటి బూజు పట్టింది. ఆ ఉద్యోగం పోతే పిల్లకి మళ్ళీ కాళ్ళు దించుకుని నేసే మగ్గం గుంటే గతి. అది దానికి ఇష్టం లేదు. నాకూ లేదు.

మిషనాసుపత్రిలో పనిచేసిన దొరసాని నర్సు వాళ్ళ దేశం వెళ్ళిపోతూ తన ఆడవాళ్ళ సైకిలు రాజ్యానికి ఇచ్చింది. బండి బాగానే ఉంది. కాళ్ళు పెట్టే పెడళ్ళకే రబ్బరు అరిగి ఊడిపోయి ఒట్టి ఇనప కమ్మీలు మిగిలాయి. కాలు పెడితే రెండు కమ్మీల మధ్య ఇరుక్కుంటుంది.

దానికి తోడు మా పిల్లది మగ్గం అలవాటు. మగ్గం కింద తొక్కుడు చెక్కని కుడికాలితో తొక్కి, కాసేపు అలాగే బిగబట్టి, నూలు కండె ఉన్న నాడె అటునుంచి ఇటు విసిరాక అప్పుడు ఎడంకాలు. సైకిలు మీదా అదే చేసింది. తొక్కి ఆగింది, రెండో కాలు పైకి ఎత్తేసింది. పెడలు గిర్రున తిరిగి పిక్కని కొట్టింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అరికాలు చీరుకుపోయి, పిక్క మీద నెత్తురు గడ్డకట్టింది. ఇనపగాయం. ధనుర్వాతం వస్తే దవడలు బిగుసుకుపోతాయి. పసుపు అద్దుతూ గంటకోసారి నోరు తెరిచి చూపించమన్నాను.

"ఇంత భయమైతే ఎక్కద్దని చెప్పరాదూ?" అన్నారు మా ఆయన.

"ఎక్కద్దని ఎందుకు చెప్తానండీ? కాలు తెగకుండా ఎక్కాలి గానీ."

ఆ మాట అరుగు మీద కూర్చున్న మా బావగారు పాండురంగయ్యగారి చెవిన పడింది. ఆయన మా ఆయనకి అన్నగారు, వీధికి పెద్ద. "తమ్ముడూ, ఆడపిల్ల కాళ్ళు గాల్లో ఆడించుకుంటూ వీధి వెంట పోతే చూడ్డానికి మేం బతికున్నామా? మీ ఆవిడకి చెప్పు," అన్నారు.

నేను గడప లోపలే ఉన్నాను. బావగారికి ఎదురుపడి మాట్లాడటం మా ఇళ్ళల్లో లేదు. ఆయన నాతో అనాల్సింది మా ఆయనతో అంటారు, నేను చెప్పాల్సింది తలుపుతో చెప్తాను. "చూడలేకపోతే అరుగు మీంచి లేచి లోపల కూర్చోవచ్చు," అన్నాను తలుపుతో. మా ఆయనకి దగ్గొచ్చింది.

మర్నాడూ ఆ పైరోజూ బడికి సెలవు. మర్నాడు బెజవాడ వెళ్ళాను, తోడుగా రాజ్యం. గవర్నరుపేటలో సైకిలు షాపులన్నీ తిరిగాం. రబ్బరు పెడళ్ళు ఎక్కడా లేవు. రబ్బరంతా యుద్ధానికే పోతోందట. ఒక షాపాయన అంచుల్లో రంపప్పళ్ళున్న ఇనప పెడళ్ళు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇవి జారవమ్మా, పట్టుకుంటాయి."

"పట్టుకోవడం కనిపిస్తూనే ఉంది. కుక్కకీ ఇలాంటి పళ్ళే ఉంటాయి."

"చెప్పులేసుకోమనండి."

మా వీధిలో ఆడపిల్ల చెప్పులేసుకుని పెద్దల ముందు నుంచి పోవడమంటే అదో యుద్ధం. ఒకేసారి రెండు యుద్ధాలు నా వల్ల కాదు. నేను ఆ పెడలు అందుకుని నేల మీద పెట్టి, చీర కాస్త ఎత్తి, నా కాలితో దాని మీద నిలబడ్డాను. బజార్లో జనం ఆగి చూశారు.

"అమ్మా, దిగు, అందరూ చూస్తున్నారు," అంది రాజ్యం.

"చూడనీ. రేపు నువ్వు తొక్కుతుంటే చూడరా? అలవాటు పడనీ." అరికాలిలో పళ్ళు దిగాయి. దిగాను. "మీ ఆవిణ్ణి దీనిమీద నిలబెట్టి చూడండి," అని షాపాయనకి ఇచ్చేశాను. ఆయన నవ్వి, "మా ఆవిడ నన్నే నిలబెడుతుందమ్మా," అన్నాడు.

ఖాళీ చేతుల్తో ఇంటికొచ్చాం. తెల్లవారి పొద్దున్నే రాజ్యం మా పనిచేసే మగ్గం మీద నేతకి కూర్చుంటే నేను నూలు కండెలు చుడుతూ దాని కాళ్ళకేసి చూస్తున్నాను. కమ్మీల మీద అంత బెదిరిన కాలు ఇక్కడ చెక్క మీద నిబ్బరంగా పరుచుకుని ఉంది. వేళ్ళు కూడా ముడుచుకోలేదు.

లేచి బూజు పట్టిన మగ్గం దగ్గరికి వెళ్ళాను. అది మా అత్తగారిది. గుంటలోకి దిగి తొక్కుడు చెక్కలు రెండూ తాళ్ళు విప్పి పైకి తీశాను. చింతచెక్క. అత్తగారి పాదం ఆనిన చోట నున్నగా గుంట పడి ఉంది. నా కాలు పెట్టి చూశాను. సరిగ్గా కూర్చుంది. మగ్గానికి దణ్ణం పెట్టుకుని చెక్కలు పమిట కింద పెట్టుకుని కమ్మరం చేసే ఇశ్రాయేలు దగ్గరికి పట్టుకెళ్ళాను.

"ఆ గుంట పోకుండా కొయ్యి నాయనా. ఊడిపోతే మాత్రం నిన్ను వదలను."

"ఊడదు భద్రమ్మగారూ. బండి ఊడితే నాకు తెలీదు," అన్నాడు. గుంట ఉన్న ముక్కలు జానెడేసి కోసి, చెక్క పొడుగునా బెజ్జాలు వేసి కమ్మీలకి ఎక్కించాడు. నేను ఒక్కోదాన్ని పట్టుకుని వేలాడి చూశాను. రాజ్యం ఎక్కి దొడ్లో ఒక చుట్టు తిరిగింది. పిక్కకి దెబ్బ తగల్లేదు. కాలు ఎత్తెయ్యాలన్న తొందరే లేదు దానికి, చెక్క పాదాన్ని మోస్తోంటే.

సాయంత్రానికి బావగారికి తెలిసిపోయింది. నడవలోకి వచ్చి మా ఆయన ముందు నిలబడ్డారు.

"అది మా అమ్మ మగ్గం. ఆవిడ తొక్కిన చెక్కలు కోయించి రోడ్ల మీద తిప్పుతారా? రేపు పొద్దున్నకల్లా ఆ చెక్కలు మగ్గంలో లేకపోతే మీకూ మాకూ తెగిపోయినట్టే. చెప్పు మీ ఆవిడకి."

మా ఆయన నావైపు చూశారు. నేను గడప దాటి బావగారికి ఎదురుగా వచ్చి నిలబడ్డాను. కాపరానికొచ్చాక అదే మొదటిసారి.

"నాతోనే చెప్పండి బావగారూ. అత్తగారు ఆ చెక్కలు తొక్కిన తొక్కుడికి కాశీకి పోయి తిరిగి రావచ్చు. ఒక్క అడుగు ముందుకి కదల్లేదు ఆవిడ. మోకాళ్ళు పట్టేసి ఆఖర్న గుంటలోంచి నేను ఎత్తి తీశాను, మీరు కాదు. ఆ చెక్కలు ఇప్పుడు కదులుతాయి. మళ్ళీ గుంటలో పెట్టను."

ఆయన నన్ను చూడకుండా వెళ్ళిపోయారు. నా గుండె కొట్టుకోవడం మా ఆయనకి వినపడిందట.

తెల్లారి తలుపు తీసేసరికి సంగతి అర్థమైంది. మగ్గానికెక్కించే ముందు వీధి పొడుగునా చాపాల్సిన నిలువు పోగుల పడుగుని బావగారు మా సందు మొగకి అడ్డంగా చాపించారు. రెండు వైపులా మేకులు, మధ్యలో కర్రలు, వాటి మీద నడుం ఎత్తున బిగించిన నూలు పోగులు, అప్పుడే గంజి పెట్టినవి. పడుగుని దాటి పోయేవాడు సాలెవాడు కాదు. మా వీధిలో పసిపిల్లలకి కూడా నడక కంటే ముందు అది తెలుస్తుంది. నూలు దొరకని రోజుల్లో ఒక్క పోగు తెగినా ఊరంతా మా మీదే పడుతుంది. గంజి ఆరి పడుగు తీసేసరికి బారెడు పొద్దెక్కుతుంది. బడి గంట కొట్టేస్తారు.

బావగారు అరుగు మీద పళ్ళు తోముకుంటున్నారు. ఆయన భార్య వెంకటరావమ్మక్కయ్య కుంచె పట్టుకుని పడుగు మీద గంజి సర్దుతోంది. "ఏమే భద్రా, మీ టీచరమ్మ ఇవాళ సెలవా?" అంది.

రాజ్యం సైకిలు పట్టుకుని నిలబడిపోయింది. "అమ్మా, లోపల పెట్టేస్తానే," అంది నెమ్మదిగా.

"పెట్టవు," అన్నాను.

చేతులు కడుక్కుని, పమిట బిగించి, మేకు దగ్గరికి వెళ్ళి పడుగు తాడు వదులు చేశాను. చిన్నప్పటి నుంచీ చేసిన పనే, అయినా ముడి ఒక్కో మెలికా ఆగి ఆగి విప్పాను. పోగులు చిక్కుపడితే? జారి మట్టిలో పడితే? ఒక కర్ర పోగుల కిందికి తోసి, ఒక కొస పట్టుకుని పైకి ఎత్తాను. రెండో కొస కిందికి వాలుతోంది. ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు.

"పడుగు దాటడానికి వీల్లేదు," అన్నారు బావగారు అరుగు మీంచి.

"దాటట్లేదండి. కిందనుంచి పోవద్దని ఎవరూ చెప్పలేదు."

కర్ర ఇంకా వాలింది. నా కొస కూడా జారేలా ఉంది. అప్పుడు వెంకటరావమ్మక్కయ్య కుంచె చెంబులో పెట్టి వచ్చి రెండో కొస పట్టుకుంది. మొగుడి వైపు చూడలేదు. "గంజి కారుతోంది, తొందరగా కానీవే పిల్లా. నా చేతులు లాగుతున్నాయి," అంది రాజ్యంతో.

ఇద్దరం తలల పైకి ఎత్తాం. రాజ్యం సైకిలు వంచి, తాను వంగి, కింద నుంచి దూరింది. దాని జుట్టు మీద నాలుగు గంజి చుక్కలు పడ్డాయి. అవతల ఎక్కి అత్తగారి చెక్కల మీద పాదాలు పెట్టింది. వెనక్కి తిరిగి చూడబోయింది.

"ముందు చూడు. గట్టుకి ఆ వారగా పో. లారీ వస్తే దిగి నిలబడు. కొంగు దోపు," అని నేను అంటూనే ఉన్నాను, అది మలుపు తిరిగిపోయింది.

అక్కయ్యా నేనూ పడుగు దించి, తాడు బిగించి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పోగులు చేత్తో తడిమి చూశాం. ఒక్కటీ తెగలేదు. ఆ మాట బావగారికి వినపడేలా చెప్పాను, ఆయన మొహం చూసి. తలుపుకి కాదు.

సాయంత్రం అది ఇంటికి వచ్చేదాకా నేను అన్నం ముట్టలేదు. కాలవలో పడిందనే అనుకున్నాను. వచ్చింది. నోరు తెరిచి చూపించమన్నాను.

"గంటకి ముందే చేరానమ్మా," అంది నోరు తెరుస్తూ. "రేపు కూడా పడుగు అడ్డంగా చాపుతారేమో."

"చాపనీ," అన్నాను. "ఎత్తడం తెలిసిందిగా."