ఉప్పు చల్లిన ఐసు

చేప పాడవకుండా చూడడంలో కోరాపుట్ మార్కెట్ మొత్తంలో మన్మథరావును మించినవాడు లేడు. పొద్దున్న విశాఖ నుంచి దిగిన వంజరం చేప సాయంత్రం పక్క ఊరు సునాబెడ క్వార్టర్లకు చేరేసరికి కూడా అప్పుడే పట్టినట్టుండేది. ఐసు పొడికొట్టి పొరపొరకీ గుప్పెడు కల్లుప్పు చల్లేవాడు. ఉప్పు పడితే ఐసుకు చలి పెరుగుతుందని తండ్రి నేర్పిన విద్య.

అలాంటివాడి చేతికి కోరాపుట్ ఆసుపత్రి డాక్టర్ దేబాశిష్ ఒక చిన్న థర్మోకోల్ పెట్టె ఇచ్చి, విశాఖ ల్యాబుకు చేర్చమన్నాడు. అందులో గొట్టం, గొట్టంలో బియ్యపుగింజంత పేగుముక్క. మన్మథరావు కూతురు బిందుశ్రీది. తొమ్మిదేళ్ళ పిల్లకు పుట్టుకతోనే లోపలి నీళ్ళన్నీ జిగురులా చిక్కబడే జబ్బు. ఊపిరితిత్తులు, కాలేయం పాడైపోతున్నాయి. ఈమధ్య మందులొచ్చాయి గానీ, ఈ పిల్ల లోపం అరుదైన రకం. ఏ మందు పనిచేస్తుందో ఎవరికీ తెలియదు.

తెలుసుకునే దారి ఒక్కటే. పేగుగోడలో కొత్త కణాలను పుట్టించే మూలకణాలుంటాయి. ల్యాబులో వాటిని జెల్లీ బొట్టులో పెట్టి పోషిస్తే, పది రోజుల్లో ఆవగింజలో పదోవంతుండే బుల్లి పేగులవుతాయి. వేసిన మందు పనిచేస్తే లోపలికి నీరు చేరి అవి ఉబ్బుతాయి. ఉబ్బితేనే పరిశోధన కింద పిల్లకు ఆ మందు ఇస్తారు.

"చల్లగా ఉంచు. వేడెక్కితే కణాలు చచ్చిపోతాయి," అని డాక్టరు హిందీలో రెండుసార్లు చెప్పాడు. గడ్డకట్టినా చస్తాయని ఒక్కసారీ చెప్పలేదు. పెట్టె మీద ఇంగ్లీషులో రాసి ఉందిలెండి! మన్మథరావు చదివింది ఒడియా బడిలో ఐదో తరగతి.

అరకు దారిలో కొండచరియలు పడ్డాయని రైలును రాయగడ మీదుగా తిప్పారు. రాయగడలో ఐదు గంటలు ఆపేశారు. పెట్టె మూత తీసి చూస్తే లోపల చల్లదనానికి పెట్టిన జెల్ సంచులు కరిగి మెత్తబడిపోయాయి. మన్మథరావు పెట్టెతో సహా రైలు దిగాడు. పరుగున చేపల బజారుకెళ్ళాడు. ఐసు కొన్నాడు, రెండు గుప్పిళ్ళ ఉప్పూ అడిగి పుచ్చుకున్నాడు. కన్నతల్లి పసిబిడ్డకు పక్క వేసినంత ఓపిగ్గా గొట్టం చుట్టూ సర్దాడు. విశాఖ దాకా పెట్టె ఒళ్ళోంచి దించలేదు.

ల్యాబులో సత్యవేణి అనే అమ్మాయి మూత తీసి, ఐసును వేలితో తాకి నాలిక మీద పెట్టుకుంది. ఆమె ముఖం మారిపోయింది.

"ఉప్పేశారా?"

"ఏసేను తల్లీ. ఇంక నీరైపోదని."

గొట్టంలో నీరు రాయిలా గడ్డకట్టి ఉంది. ఆమె లోపలికెళ్ళి గంటన్నర తరవాత వచ్చింది. ఒక్క కణమూ బతికిలేదంది.

"ఇంకో ముక్క తీయించుకు రానా? ఈపాలి నువ్వు సెప్పినట్టే తెస్తాను."

ఆమె డాక్టరుకు ఫోను చేసింది. కాలేయం చెడి పిల్లకు నెత్తురు గడ్డకట్టడం లేదట. పోయినసారి చిన్న ముక్కకే రెండు రోజులు నెత్తురు కారింది. మళ్ళీ తీస్తే ప్రాణానికే ముప్పు.

మన్మథరావు కదల్లేదు. ఏం చెయ్యాలో తోచక ఆ అమ్మాయి మైక్రోస్కోపులో వేరే పిల్లాడి కణాలతో పెంచిన బుల్లి పేగులను చూపించింది. గుండ్రంగా, బుడగల్లా, నిండుగా ఉన్నాయి.

"ఇయ్యి మా అమ్మికి అక్కరకు రావేటి?" అన్నాడు. రావని తెలిసే అడిగాడు.

చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు. ఈయన చేసుకున్నదేమిటి? జాగ్రత్త. ఆ మాట పుట్టించినవాణ్ణి పట్టుకొచ్చి ఈ తండ్రి ముందు నిలబెట్టాలి.

మర్నాడు కోరాపుట్ ఆసుపత్రిలో భార్య కస్తూరి కూతురి మంచం పక్కనుంచి లేచింది. "అందజేసేవా?" అంది. అతను తలూపాడు. అందజేసిన మాట నిజమే కదా.

బిందుశ్రీ ఆక్సిజన్ గొట్టం పక్కకు జరుపుకుని నవ్వింది.

"నాన్నా, నా సిన్న పేగు ఎన్నాళ్ళకి పెరుగుతాదట?"

"పది దినాలమ్మి," అన్నాడు మన్మథరావు.

పిల్ల వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.